మేళం వాళ్ళ హీటరు పాఠం

నర్సీపట్నం దగ్గర గంటాలపాలెం అని ఒక ఊరుంది. ఆ ఊరి మేళం వాళ్ళకున్నంత తెలివి ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదట. ఎవరన్నారని అడక్కండి. వాళ్ళే అన్నారు. వాళ్ళంతటి తెలివైనవాళ్ళు చెప్తుంటే మనం కాదంటే బాగుంటుందా?

మేళానికి పెద్ద అప్పలసూరి, సన్నాయి ఆయనది. తమ్ముడు ముత్యాలు డోలు వాయిస్తాడు. చిన్నాన్న గంగులు తాళాలు వేస్తాడు, కారు కూడా ఆయనే నడుపుతాడు. రెండింటికీ రెండు చేతులుంటే చాలు గదా అని ఆ పని ఆయనకిచ్చారు. అప్పలసూరి భార్య నూకాలు శ్రుతి పెట్టె పట్టుకుంటుంది. కాగితం మీద రాసుకోవడం వాళ్ళ వంశంలో లేదు. గురువు నోట ఎలా వస్తే అలా పట్టుకోవడమే, ఒక్క అక్షరం తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు.

ముప్పై ఏళ్ళ కిందట వాళ్ళ గురువుగారు కీర్తన నేర్పిస్తూ చరణం మధ్యలో రెండుసార్లు దగ్గాడు. పాపం, ఆయనకి పడిశం. అంతే, అప్పట్నించీ ఏ పెళ్ళిలో ఆ కీర్తన ఎత్తుకున్నా, సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి నలుగురూ ఆగి, ఖళ్ళు ఖళ్ళుమని రెండు దగ్గులు దగ్గి, మళ్ళీ అందుకుంటారు. ఒకసారి ఎవరో పెద్దమనిషి, "ఆ దగ్గెందుకయ్యా?" అని అడిగాడు. అప్పలసూరి ఆయన్ని జాలిగా చూసి, "సంప్రదాయం బాబూ, మీకు తెలీదులెండి," అన్నాడు.

అలాంటి అప్పలసూరికి ఒక్కగానొక్క మేనకోడలు, దమయంతి. చెల్లెలు పైడమ్మ కూతురు. పుట్టినప్పుడు మొదట విన్నది మామయ్య సన్నాయే, ఉయ్యాల్లో నిద్రపోయిందీ దానికే. ఆ పిల్లకి చింతపల్లి దగ్గర కొండమీద ఊళ్ళో సంబంధం కుదిరింది. పెళ్ళి మగపెళ్ళివారింట్లో. వారం ముందు పసుపు దంచడానికి పిల్లతో పాటు మేళం కూడా కారెక్కి వెళ్ళింది. మార్గశిర మాసం, లంబసింగి ఘాటు, పైగా పొగమంచు. కార్లో హీటరు ఉంది గానీ అది ఊదే గాలి ఎవరో నిట్టూర్చినట్టుంటుంది. దిగేసరికి అప్పలసూరి వేళ్ళు కొయ్యబారిపోయాయి, పెదాలు తిమ్మిరెక్కాయి. సన్నాయి నోట్లో పెట్టి ఊదితే మేకపిల్ల అరిచినట్టు వచ్చింది.

మగపెళ్ళివారి తాతగారు చెవిలో వేలు పెట్టుకుని, "ఇదేటి, పెళ్ళినాడు కూడా ఇలాగేనా? దీనికన్నా మైకు సెట్టు పెట్టించుకుందారి," అన్నాడు.

దమయంతి చర్రున లేచింది. "మా మామయ్య సన్నాయి మోగితేనే తాళి కట్టించుకుంటాను. మోగకపోతే మెడ వంచను. ఇదే నా మాట," అంది.

అప్పలసూరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో కొన్ని, భయంతో కొన్ని. ఆ పిల్ల మాటంటే మాటే. వాళ్ళ రక్తం కదా. పెళ్ళినాడు వేళ్ళు మళ్ళీ కొయ్యబారితే ఇంకేముంది, చేతులారా మేనకోడలి పెళ్ళి ఆపినవాడవుతాడు. అందుకని పెళ్ళికి ముందురోజు సాయంత్రం నలుగురూ కారేసుకుని నర్సీపట్నంలో ఖాసిం భాయ్ షెడ్డుకి వెళ్ళారు.

ఖాసిం భాయ్ మంచి మెకానిక్కు. బానెట్టు ఎత్తి, ఇంజను ఆన్ చేయించి, హీటరులోకి వెళ్ళే రెండు గొట్టాలూ పట్టుకుని చూశాడు. "ఒకటి వేడిగా ఉంది, ఒకటి చల్లగా ఉంది. రేడియేటర్లో నీళ్ళు తగ్గిపోయి లోపల గాలి చేరింది. వేడినీళ్ళు హీటరు దాకా రావట్లేదు. పెద్ద రోగం కాదులెండి, మీరే చేసుకోవచ్చు."

"అయితే పాఠం మొదలెట్టండి భాయ్," అని అప్పలసూరి చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ వెనక నిలబడ్డారు. అంటే, అప్పటిదాకా ఖాసిం భాయ్ చెప్పింది ఉత్త మాటలు. ఇక్కణ్ణించి చెప్పేదే పాఠం. పాపం, ఆ సంగతి ఖాసిం భాయ్‌కి తెలీదు.

"బండి మూతి ఎత్తు మీద ఉండేట్టు నిలబెట్టండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తియ్యండి," అన్నాడు. ఇంతలో టీకొట్టాయన ఎదురుగా కనపడ్డాడు. "రెండు టీ! ఒకదాంట్లో పంచదార వద్దు!" అని కేకేసి, ఇటు తిరిగి, "నిండా పొయ్యండి. ఇంజను ఆన్ చేసి హీటరు మీట పూర్తిగా తిప్పండి," అన్నాడు. ఒక కుక్క వచ్చి టైరు వాసన చూస్తోంది. "ఛీ, పో! కాళ్ళిరగ్గొడతా! ఆఁ, బుడగలొస్తాయి. బుడగలు ఆగేదాకా ఉండండి. తగ్గితే మళ్ళీ పొయ్యండి." ఇంతలో ఇంటినించి ఫోను. "వచ్చేస్తన్నా, అన్నం వడ్డించెయ్యి," అని, "మిగతాది రేపు ఫోన్లో చెప్తా అప్పలసూరిగారూ," అంటూ షట్టరు దించేశాడు.

నలుగురూ దారిపొడుగునా పాఠం వల్లె వేశారు. ముత్యాలు డాష్‌బోర్డు మీద ఆదితాళం వేస్తుంటే, 'రెండు టీ' దగ్గర రాగం తీసి, 'ఛీ పో' దగ్గర ముక్తాయింపు ఇచ్చి, ఇంటికి చేరేలోపు ఒక్క అక్షరం పొల్లు పోకుండా నోటికి పట్టేశారు.

"ఎంత చక్కటి పాఠం! ఎంతైనా భాయ్ విద్వాంసుడు," అన్నాడు గంగులు.

తెల్లారుజామున నాలుక్కే లేచారు. ముహూర్తం తొమ్మిదింపావుకి. మొదటి వాక్యం, బండి మూతి ఎత్తు మీద ఉండాలి. ఊరంతా చదును నేల. ఇంకేముంది, గంగులు కారుని రివర్సు తీసి, ఊపు మీద తెచ్చి, ముందు చక్రాలు రెండూ ఇంటి అరుగు మీదికెక్కించాడు. అరుగు అంచు రాలింది, వీధి తలుపు ఒక రెక్క ఊడింది. మూతి మాత్రం పైకే ఉంది.

రెండోది, ఇంజను చల్లగా ఉండాలి. అప్పలసూరి చెయ్యి పెట్టి చూశాడు. "చల్లగానే ఉంది. కానీ భాయ్ చెప్పినంత చల్లగా ఉందంటావా?"

"ఎంత అని ఆయన చెప్పలేదు కదా బావా," అంది నూకాలు. అది మేనత్త కూతురు, అందుకని బావా అంటుంది.

"చెప్పలేదంటే మనం తక్కువ చెయ్యకూడదు," అని ముత్యాలు నూతిలోంచి నాలుగు చేదలు తోడి ఇంజను మీద కుమ్మరించాడు. అప్పుడు నలుగురికీ తృప్తి అయింది. మూత తీశారు.

మూడోది, రెండు టీ. నూకాలు రెండు పెద్ద తపేలాలు పొయ్యి మీద పెట్టింది. అల్లం దంచి, చిక్కటి పాలు పోసి, ఒకదాంట్లో పంచదార వేసి, ఒకదాంట్లో వెయ్యకుండా, బ్రహ్మాండంగా కాచింది. 'నిండా పొయ్యండి' అన్నారు కదా. దేంతో పొయ్యాలో వేరే చెప్పనే లేదు. చెప్పిన వస్తువు ఒక్కటే ఉంటే ఇంకా సందేహమేమిటి?

"ముందు ఏది పొయ్యాలి? పంచదారదా, లేనిదా?" అన్నాడు గంగులు, గరాటు పట్టుకుని.

ఇది కష్టమైన ప్రశ్నే. అప్పలసూరి కళ్ళు మూసుకుని పాఠం మొత్తం ఒకసారి నెమరేశాడు. "భాయ్ ముందు రెండు టీ అన్నాడు, తరవాత ఒకదాంట్లో వద్దన్నాడు. కాబట్టి రెండూ ఒకేసారి పొయ్యాలి." అంతే, ఒకవైపు నుంచి ముత్యాలు, ఒకవైపు నుంచి నూకాలు వడకట్టి మరీ పోశారు. రేడియేటరు గటగటా తాగేసింది. పాపం, ఎన్నాళ్ళ దాహమో.

ఇంజను ఆన్ చేశారు. హీటరు మీట తిప్పారు. ఇక్కడే వచ్చింది చిక్కు. 'ఛీ, పో' అనాలి, కానీ వీధిలో ఒక్క కుక్క లేదు, చలికి ఎక్కడివక్కడ ముడుచుకున్నాయి. కుక్క లేకుండా ఉత్త గాలిని ఛీ అంటే పాఠం ఏం నిలుస్తుంది? ముత్యాలు నాలుగు వీధులు తిరిగి, చాకలి రాములమ్మ ఇంటి తలుపు కొట్టి, "అత్తా, మీ కుక్కనొకసారి ఇస్తావా, తరిమేసి మళ్ళీ తెచ్చిస్తాను," అని బతిమాలి, దాన్ని చంకనేసుకొచ్చాడు. టైరు దగ్గర దింపారు. అది టైరు వాసన చూడనంది. బిస్కెట్టు రుద్దితే అప్పుడు చూసింది. అందరూ కలిసి "ఛీ, పో! కాళ్ళిరగ్గొడతా!" అన్నారు. బిస్కెట్టు పెట్టినవాళ్ళే ఎందుకు తిట్టారో తెలీక అది నలుగురి మొహాలూ చూసుకుంటూ పోయింది.

బుడగలొచ్చాయి. ఆగాయి. టీ తగ్గింది, మళ్ళీ పోశారు. చివరికి నూకాలు విస్తరాకు తెచ్చి బానెట్టు మీద అన్నం వడ్డించింది, కాస్త పప్పు, ఒక ఆవకాయ ముక్క. పాఠం అయిపోయింది.

"మరి ఈ మూత?" అంది నూకాలు, చేతిలో రేడియేటర్ మూత పట్టుకుని.

"పాఠంలో ఉందా?"

"తియ్యడం ఉంది. పెట్టడం లేదు."

"గురువు చెప్పనిది మనం సొంతంగా చేస్తే అది అపచారం. నీ దగ్గరే ఉంచు," అన్నాడు అప్పలసూరి.

కారు బయల్దేరింది. మీరు నమ్మరు గానీ, ఊరు దాటేలోపే హీటరు గుప్పుమంది! నీళ్ళయితేనేం, టీ అయితేనేం, రేడియేటరు నిండింది, గాలి బయటికి పోయింది. కారంతా వెచ్చగా, అల్లం టీ వాసన. అప్పలసూరి వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూసుకున్నాడు. వెన్నపూసలా ఆడుతున్నాయి. గుండె నిండిపోయింది. "ఒసేయ్ నూకాలూ, దమయంతి పెళ్ళి నిలబడిందే!" అని ఏడ్చేశాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఘాటు రోడ్డు మొదలైంది. మూత లేని రేడియేటరు, అందులో చిక్కటి పాల టీ, ఎత్తు మీదికి ఎక్కే పాత ఇంజను. ఇంకేముంది, సగం ఘాటు ఎక్కేసరికి బానెట్టు సందుల్లోంచి బుసబుసా నురగ పొంగింది.

"పాలు పొంగాయి! బావా, పాలు పొంగాయి! ఎంత శుభం!" అని నూకాలు చేతులెత్తి దణ్ణం పెట్టింది. గంగులు కారు పక్కకి ఆపి తనూ దణ్ణం పెట్టాడు. పొంగు అద్దం మీదికొచ్చి, అద్దం మీంచి రోడ్డు మీదికొచ్చింది. కార్లో సెగ పెరిగిపోయి నలుగురికీ చెమటలు. అప్పుడు అప్పలసూరికి గుర్తొచ్చింది, మిగతా పాఠం ఫోన్లో చెప్తానన్నాడు కదా భాయ్. ఫోను చేసి సంగతి చెప్పాడు.

"ఏంటీ? మూత పెట్టలేదా?" ఖాసిం భాయ్ కేక కారంతా వినపడింది. "ఇంజను ఆపెయ్యండి! అది చల్లారేదాకా ఎవరూ కదలకండి!"

అంతే. గంగులు తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు, ఆ తిప్పిన చెయ్యి అలాగే ఉంచేశాడు. అప్పలసూరి ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నూకాలు దణ్ణంలో ఉంది. ముత్యాలు సరిగ్గా ఆవలిస్తున్నాడేమో, నోరు తెరిచినవాడు తెరిచినట్టే. కదలొద్దంటే కదలొద్దనే గదా. కళ్ళు మాత్రం ఆర్పారు, అది కూడా భయపడుతూ.

ఏడైంది. ఏడున్నరైంది. అప్పలసూరి ముక్కు మీద దురద. మనసులో మాత్రం ఒకటే గోల, ముహూర్తం, ముహూర్తం. ఇంజను చల్లారిందో లేదో ఎలా తెలియాలి? చూడాలంటే దిగాలి, దిగాలంటే కదలాలి. కనీసం తమ్ముణ్ణి అడుగుదామంటే పెదాలు కదులుతాయి. ఇంత తెలివి పెట్టుకుని ఇలా ఇరుక్కుపోయానేమిట్రా దేవుడా అని లోలోపలే కుమిలిపోయాడు.

ఎనిమిదిన్నరకి వైజాగ్ నుంచి మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళని దింపేసి, చింతపల్లి వెళ్తున్న ఖాళీ వ్యానొకటి ఆగింది. డ్రైవరు దిగి అద్దంలోంచి తొంగి చూశాడు. చూసి గుండె బాదుకున్నాడు. "ఓలమ్మో! చలికి నలుగురూ బిగిసిపోనారు!" తలుపు తీసి అప్పలసూరి మొహం మీద చెమట చూసి, "మంచు కరుగుతోందర్రా, ఇంకా ప్రాణాలున్నట్టే!" అన్నాడు.

అప్పుడే అప్పలసూరి చేతిలో ఫోను మోగింది. డ్రైవరు తీశాడు. అవతల పైడమ్మ. "అన్నయ్యా, ఎక్కడున్నావు? పిల్లని పీటల మీద కూచోబెడుతున్నారు!"

"అమ్మా, మీవాళ్ళు గడ్డకట్టీసినారు. ఆసుపత్రికి తీసుకెళ్తాను."

"ఆసుపత్రి తరవాత, ముందు పందిట్లోకి తీసుకురా బాబూ. సన్నాయి మర్చిపోకు!"

డ్రైవరు, దారిన పోయే ఇద్దరూ కలిసి, నలుగుర్నీ కూచున్న భంగిమల్లోనే ఎత్తి వ్యానులో పెట్టారు. కదిలించింది వాళ్ళు గానీ తాము కదల్లేదు కాబట్టి అప్పలసూరి మనస్సాక్షికి ఏ ఇబ్బందీ లేదు. అయిదు కిలోమీటర్లు వెళ్ళాక పందిరి వచ్చింది. మేళం అరుగు మీద నలుగుర్నీ వరసగా దింపి, సన్నాయి, డోలు, తాళాలు, శ్రుతి పెట్టె ఎవరిది వాళ్ళ ఒళ్ళో పెట్టారు. తొమ్మిదికి అయిదు నిమిషాలుంది.

పంతులుగారు మంగళసూత్రం పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, చెయ్యెత్తి, "గట్టిమేళం!" అన్నారు. మేళం కదల్లేదు. "గట్టిమేళం అయ్యా!" ఊహూఁ. తాతగారు మైకు సెట్టువాణ్ణి పిలవమన్నాడు. దమయంతి రెండు చేతులతో మెడ మూసేసుకుంది. "మామయ్య సన్నాయి మోగాలి," అంది.

అప్పలసూరి కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. వాయించాలని ఉంది. వేళ్ళు వెచ్చగా సిద్ధంగా ఉన్నాయి. పిల్ల కళ్ళెదురుగా కూచుంది. ఇంతకన్నా నరకం ఇంకేం ఉంటుంది?

దమయంతి ఆయన మొహంలోకి చూసింది. "మామయ్యని ఎవరో కదలొద్దన్నారమ్మా," అంది తల్లితో. చూశారా, రక్తసంబంధం! వ్యాను డ్రైవరు వెంటనే అప్పలసూరి ఫోనులో ఆయన ఆఖరిగా చేసిన నంబరు వెతికి చేశాడు.

"ఇంజను చల్లారేదాకా కదలొద్దన్నానండీ," అన్నాడు ఖాసిం భాయ్. "చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే తెలీదా?"

"ఎవరో ఒకరు వెళ్ళి చెయ్యి పెట్టాలన్నమాట," అంది దమయంతి.

పెళ్ళికొడుకు పేరు భీమేశు. నెమ్మదస్తుడు, ఎవరేం చెబితే అది చేసుకుపోయే రకం. ఆ పిల్లకి కాబోయే మొగుడు కాబట్టి తనే వెళ్ళాలనుకున్నాడు. "నాకు బండుంది, నేను చూసొస్తాను," అని లేచాడు. "నాయనా, పావుగంటలో ముహూర్తం!" అని పంతులుగారు అరుస్తూనే ఉన్నారు. చేతిలో మంగళసూత్రం రొంటిన దోపుకుని, నుదుటి మీద బాసికంతోనే, భీమేశు మోటారుసైకిలు ఎక్కి ఘాటు దిగిపోయాడు. పందిట్లో ఫోను స్పీకర్లో పెట్టుకుని అందరూ ఊపిరి బిగబట్టారు. మేళం వాళ్ళు ఎలాగూ బిగబట్టే ఉన్నారు.

సరిగ్గా తొమ్మిదీ పద్నాలుగుకి ఫోన్లో భీమేశు గొంతు. "చెయ్యి పెట్టానండీ. చల్లగా ఉంది!"

అంతే! అప్పలసూరి సన్నాయి ఎత్తాడు. ముత్యాలు నోరు మూసి డోలు మీద విరుచుకుపడ్డాడు. గంగులు తాళాలు, నూకాలు శ్రుతి. రెండున్నర గంటలు లోపల దాచుకున్న ఊపిరంతా ఒక్కసారి సన్నాయిలోంచి వచ్చింది. అలాంటి మేళం ఆ కొండల్లో ఎవరూ వినలేదు. తాతగారు కళ్ళు తుడుచుకున్నాడు. దమయంతి చేతులు దించి, సంతోషంగా మెడ వంచింది. పంతులుగారు గడియారం చూశారు. తొమ్మిదింపావు! నలభై ఏళ్ళ అలవాటు, ఒళ్ళు మరిచి ఫోను పక్కనే నిలబడి గొంతెత్తి అరిచారు. "సుముహూర్తం! కట్టు నాయనా! ఇంక ఆలస్యం చెయ్యకు, కట్టెయ్యి!"

అందరూ అక్షింతలు వేశారు. వేశాక చూస్తే పెళ్ళికొడుకు పీట ఖాళీ.

"మూడు ముళ్ళూ వేసేశానండీ," అంది ఫోను.

"ఎవరికి?" అన్నారు పంతులుగారు, నీరసంగా.

"ఇక్కడ కారు తప్ప ఎవరున్నారండీ? పక్క అద్దానికి కట్టాను."

పంతులుగారు కాసేపు స్తంభం పట్టుకుని నిలబడ్డారు. తరవాత పదకొండింటికి ఇంకో లగ్నం ఉందన్నారు. భీమేశుని వెనక్కి రప్పించి, కట్టిన తాళి విప్పకూడదు కాబట్టి, పసుపుకొమ్ము కట్టిన దారంతో దమయంతి మెళ్ళో మూడు ముళ్ళూ వేయించారు. అప్పలసూరి రెండోసారి కూడా అంత బాగానూ వాయించాడు. మాట నిలబడింది, పెళ్ళి నిలబడింది. పైడమ్మ అన్నయ్య కాళ్ళ మీద పడి ఏడ్చింది.

సాయంత్రం అప్పగింతలు. దమయంతి చేతులు పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టారు. అప్పుడు అప్పలసూరి లేచి, గొంతు సవరించుకుని, "మాకు ధర్మం తెలుసు. తాళి కట్టించుకున్న పిల్లని పుట్టింట్లో అట్టేపెట్టుకోం," అన్నాడు. ముత్యాలు, గంగులు ఘాటు మీంచి కారుని తోసుకొచ్చి పందిరి ముందు నిలబెట్టారు. అద్దానికి మంగళసూత్రం ఉంది, బానెట్టుకి నూకాలు పసుపు రాసి బొట్టు పెట్టింది. తాళంచెవి పాలల్లో ముంచి, భీమేశు తల్లి చేతిలో పెట్టి, నూకాలు భోరుమంది. "వదినగారూ, పదేళ్ళు కన్నకూతురిలా చూసుకున్నాం. అమాయకురాలు. చలికాలంలో కాస్త వేడి తక్కువ, అంతకు మించి ఏ వంకా లేదు. ఏమీ అనకండి, పొద్దున్నే రెండు టీలు ఇస్తే చాలు, చెప్పిన పనల్లా చేస్తుంది."